పోయే మాట, వచ్చే మాట

మా అమ్మ కథలు చెప్పడం మానేసిందన్న సంగతి నేను చాలా రోజులు గమనించనే లేదు. గమనించిన రోజున కూడా అందుకు కారణం ఇంటర్నెట్ అని నాకు తోచలేదు.

అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కోలారు జిల్లా మాలూరు తాలూకా మాస్తిలో, మా పాత ఇంట్లో ఉంటుంది. బెంగళూరుకు వచ్చి మా దగ్గర ఉండమ్మా అంటే, "ఆడ నేనేం జేసేది నాయినా, కిటికీ తీస్తే పక్కింటోళ్ళ గోడ" అంటుంది. మా అమ్మాయి పెళ్ళయి అమెరికాలో, టెక్సాస్‌లో కాపురం ఉంటోంది. దాని కొడుకు 2020లో పుట్టాడు. ఆదివారం పొద్దున మాస్తిలో ఏడున్నర అయితే అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. పిల్లవాడు పడుకునే వేళ. పక్కింటి అమ్మాయి వచ్చి ఫోను కలిపి, చెంబుకు ఆనించి పెట్టి పోతుంది. అమ్మ మునిమనవడికి ఏడు చేపల కథ చెబుతుంది. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఇదే ఏర్పాటు. నేను బెంగళూరులో కాఫీ తాగుతూ, మాస్తిలో ఇప్పుడు కథ నడుస్తూ ఉంటుంది అనుకునేవాణ్ణి.

2024 దసరా సెలవులకు మాస్తి వెళ్ళాను. ఆదివారం పొద్దున ఫోను కలిసింది. అమ్మ "తిన్నావా బిడ్డా, నిద్దరొస్తాందా" అని రెండు మాటలు అడిగి, "సరే, పండుకో" అని ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కథేదమ్మా అంటే, "వానికి నా మాట పట్టదు లేరా. నేను చెప్తా ఉంటే ఆ పక్క చూస్తాడు. లేచి పోతాడు. ఎన్ని తూర్లు చూసినా అంతే. వాళ్ళ తెలుగు వేరే, నా తెలుగు వేరే అయిపాయ. దానికి ఎవరేం జేస్తారు" అంది. కోపంగా అనలేదు. పాలు విరిగిపోతే ఎలా అంటుందో అలా అంది.

ఆ రాత్రి మా అమ్మాయితో ఈ మాట చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక చిన్న వీడియో పంపింది. వాళ్ళ వైపున ఎప్పుడో పట్టి పెట్టిందట. అందులో మా అమ్మ ఉంది. చెయ్యెత్తి, నోరు సగం తెరిచి, కదలకుండా రాతిబొమ్మలా ఉంది. మాట లేదు. మధ్యలో ఒక "చే...", మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. వాడు కాసేపు ఆ బొమ్మను చూశాడు. "అవ్వ స్టక్" అన్నాడు. లేచి ఆటబొమ్మల దగ్గరికి పోయాడు.

అదీ సంగతి. అమ్మకు వాడు శుభ్రంగా కనిపిస్తున్నాడు, వాడికి అమ్మ కనిపించడం లేదు. తన వైపు బొమ్మ చక్కగా ఉన్నప్పుడు నెట్టు బాగాలేదని ఆమె ఎందుకు అనుకుంటుంది? వాడు మొహం తిప్పుకోవడం, లేచిపోవడం ఒక్కటీ తప్పిపోకుండా స్పష్టంగా చూసింది. చూసి, మనసులో పెట్టుకుని, మానేసింది.

నేను కామర్సు చదివినవాణ్ణి. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగం. నేను చేరినప్పుడు మా శాఖలో మోయలేని లెడ్జర్లు ఉండేవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, శాఖలన్నిటినీ కలిపే లైన్లు వచ్చాయి. బ్యాంకుల మధ్య సమాచారం నడవడానికి హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థ 1999లో ఇన్ఫినెట్ అనే ఉపగ్రహ వ్యవస్థను నెలకొల్పినప్పుడు మాకు సర్క్యులర్లు వచ్చాయి. చదివి ఇనీషియల్ వేశాను. అంతకుమించి తెలుసుకోలేదు. కౌంటరు ముందు నిలబడ్డ రైతుకు "లింకు లేదు, రేపు రా" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. లింకు అంటే ఏమిటి, ఎందుకు లేదు అని ఆ రైతు ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడు అడిగింది మా అమ్మ కాబట్టి, యాభై ఐదేళ్ళ వయసులో నేర్చుకోవడం మొదలుపెట్టాను. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి, నేర్చుకున్నది కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి పాఠం మా అమ్మాయే చెప్పింది. ఇంటర్నెట్టులో రెండు వేగాలు ఉంటాయి. మనకు వచ్చేది ఒకటి, మన దగ్గరినుంచి పోయేది ఒకటి. పాస్‌బుక్కులో జమ, ఖర్చు రెండు గడులు ఉన్నట్టే. వేగం కొలిచే యాప్‌లు ఉన్నాయి, అవి రెండు అంకెలూ చూపిస్తాయి. మాస్తిలో నడవలో కూర్చుని అమ్మ ఫోనులో కొలిచాను. వచ్చేది సెకనుకు 18 మెగాబిట్లు. పోయేది 0.3. మొదటి అంకె చూసి సంతోషించేవాణ్ణే, రెండో అంకె మీద చూపు పడకపోయి ఉంటే. ఎదుటివారికి మన మొహం సరిగ్గా కనబడాలంటే పోయే వేగం ఒకటి రెండు మెగాబిట్లయినా నిలకడగా ఉండాలి.

ఇక్కడ బిట్టు వేరు, బైటు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కంపెనీవాళ్ళు వేగాన్ని బిట్లలో అమ్ముతారు, మనం సినిమా సైజును బైట్లలో చూస్తాం. 30 మెగాబిట్ల కనెక్షను అంటే సెకనుకు నాలుగు మెగాబైట్లు కూడా రావు. ఇందులో మోసం లేదు గాని, వడ్డీ నెలకు చెప్పారా ఏడాదికి చెప్పారా అని అడగకుండా అప్పు తీసుకున్నవాడి పరిస్థితి అవుతుంది.

అసలు బ్రాడ్‌బ్యాండు అంటే ఏమిటని చూశాను. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. టెలిఫోను తీగ మీద, కీచుమని అరిచే మోడెముతో. 2004 నాటి ప్రభుత్వ విధానం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు. మూడుసార్లూ లెక్కపెట్టింది వచ్చే వేగాన్నే. పోయే వేగం ఇంత ఉండాలని ఆ నిర్వచనాలలో లేదు. అంటే మా అమ్మ ఫోనులో ఉన్నది, ప్రభుత్వం లెక్కలో, నిక్షేపంలాంటి బ్రాడ్‌బ్యాండు!

ఇక మాస్తిలాంటి ఊళ్ళో ఒక ఇంటికి ఎన్ని దారులున్నాయో ఒక్కొక్కటే చూశాను.

మొదటిది పాత టెలిఫోను రాగితీగ. మా నాన్న పెట్టించిన ఫోను ఒకటి మా ఇంట్లో ఉండేది. రోడ్డు పనుల్లో తీగ తెగింది. అప్పటికి అందరి చేతుల్లోనూ సెల్లు ఉంది కాబట్టి, మేమే వద్దని రాసిచ్చాం. ఆ తీగ మీద నడిచే పద్ధతిని ఏడీఎస్ఎల్ అంటారు. అందులో మొదటి అక్షరానికి అర్థమే 'సమానం కానిది' అని. రాగితీగలో ఉన్న చోటంతా వచ్చేదానికి ఎక్కువగా, పోయేదానికి కొంచెంగా పంచుతారు. మంచి రకంలో కూడా వచ్చేది 24 మెగాబిట్లదాకా ఉంటే పోయేది ఒకటీ ఒకటిన్నర. పైగా ఎక్స్ఛేంజి నుంచి ఇల్లు దూరమైనకొద్దీ వేగం పడిపోతుంది, నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఆశ వదులుకోవాలి. ఒక గుణం మాత్రం చెప్పుకోవాలి. పాత ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పటివాటిలో దేనికీ ఆ గుణం లేదు.

రెండోది కేబుల్ టీవీ తీగ. పట్టణాల్లో దీనిమీద ఇంటర్నెట్టు చాలాకాలంగా నడుస్తోంది. ఇదీ ముఖ్యంగా పైనుంచి కిందికి బొమ్మలు పంపడానికి పుట్టిన తీగ. వీధిలో అందరూ ఒకేసారి చూస్తే నెమ్మదిస్తుంది. మా వీధిలో ఆ సౌకర్యం లేదు.

మూడోది మొబైల్. అమ్మ ఫోనులో ఉన్నది ఇదే. ఇక్కడ నాకు అర్థమైన విషయం చెబుతాను. టవరు పెద్ద గొంతుతో అరుస్తుంది, పదుల వాట్ల శక్తితో. ఫోను దానికి బదులు చెప్పేది వాటులో అయిదో వంతు శక్తితో. జాతరలో మైకులో ఎవరో పేరు పెట్టి పిలిస్తే మనకు వినబడుతుంది, మనం "ఆఁ, వస్తన్నా" అంటే వాళ్ళకు వినబడదు. మా ఇల్లు చూస్తే మట్టిగోడలు మూర మందం, పైన రాతిబండల కప్పు. కోలారు సీమలో రాయికి కొదవేముంది! వేసవిలో చల్లగా ఉంటుందని మా తాత కట్టించిన ఇల్లు అమ్మ గొంతును లోపలే ఉంచేసింది. ఫోను తీసుకుని వాకిట్లోకి వస్తే 0.3 కాస్తా 2 అయింది. కానీ డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని చలికాలం పొద్దున వాకిట్లో కూర్చోబెట్టి కథ చెప్పమంటామా?

నాలుగోది గాలిలో వచ్చే ఇంటి కనెక్షను. ఇంటిపైన ఒక పెట్టె బిగిస్తారు, అది టవరుతో మాట్లాడుతుంది, లోపల వైఫై ఇస్తుంది. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలయ్యాక, 2023 నుంచి పెద్ద కంపెనీలు కూడా ఇలాంటివి ఇళ్ళకు ఇస్తున్నాయి. అంతకు ముందునుంచీ చిన్న చిన్న సంస్థలు మామూలు డిష్షులతో పల్లెలకు ఇస్తూనే ఉన్నాయి. తీగ లాగే పని లేదు, ఒక పూటలో పని అయిపోతుంది.

అయిదోది ఆకాశం. పాత పద్ధతి ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట అంత దూరం పోయి రావడానికే అరసెకను దాటుతుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. మా బ్యాంకు శాఖ కప్పుల మీద ఉండే డిష్షులు ఈ రకానివే. డబ్బు లెక్కలకు అరసెకను ఆలస్యం ఫర్వాలేదు, కథకు పనికిరాదు. కొత్తగా వచ్చిన స్టార్‌లింక్ వంటివి అంతకంటే చాలా తక్కువ ఎత్తునే తిరుగుతాయి. దానికి మన టెలికం శాఖ 2025లో లైసెన్సు ఇచ్చింది. కొండల్లో, అడవుల్లో ఉన్నవారికి అది వరమే కావచ్చు గాని, నేను వెతుకుతున్న రోజుల్లో అది చేతికందేది కాదు.

ఆరోది గాజుతీగ, ఫైబర్. ఇది మా వీధిదాకా రాలేదన్నారు. అందుకని నాలుగోదాన్ని పట్టుకున్నాను. నా తెలివితక్కువతనం గురించి ఇక్కడ చెప్పక తప్పదు.

డిష్షుతో నెట్టు ఇచ్చే ఒక చిన్న సంస్థ మనిషి వచ్చాడు. మంచి మాటకారి. "సార్, ఫుల్ స్పీడ్" అన్నాడు. ఆరు నెలల సొమ్ము ముందే కడితే పెట్టె బిగించే ఖర్చు ఉండదన్నాడు. ఇంగ్లీషులో చిన్న అక్షరాల కాగితం ఒకటి ఇచ్చాడు. రైతుల చేత, చిరుద్యోగుల చేత ఇలాంటి కాగితాల మీద పది చోట్ల సంతకాలు పెట్టించిన చెయ్యి నాది. "చదువుకుని పెట్టండి" అని చెప్పడం నా ధర్మం, చెప్పేవాణ్ణి కూడా. ఆ రోజు నేను చదవలేదు. పోయే వేగం ఎంతని అడగలేదు. పని చేయకపోతే డబ్బు వాపసు ఇస్తారా అని అడగలేదు. సంతకం పెట్టాను.

పది రోజులు బాగా నడిచింది. తర్వాత వాన పడింది. బొమ్మ ఆగింది. ఫోను చేస్తే రూటరు తప్పన్నారు. రూటరు చూసినవాడు గోడ తప్పన్నాడు. గోడ దాటించి చూస్తే డిష్షు పక్కకు తిరిగిందన్నారు. దాన్ని సరిచేసినవాడు దూరంగా చెయ్యి చూపించి, "సార్, మీ ఇంటికీ మా టవరుకీ మధ్య ఆ నీలగిరి తోపు ఉంది. ఆకు తడిస్తే సిగ్నల్ తాగేస్తుంది" అన్నాడు. తోపు ఆసామి మాకు దూరపు బంధువు, వరసకు మామ. ఆయన దగ్గరికి పోయాను. "ఏమప్పా, వానలు సరిగ్గా ఉంటే రాగులు పెట్టుకోనా? బోరు వెయ్యి అడుగులు పోయినా నీళ్ళు పడకపాయ. నీలగిరైతే నీళ్ళు అడగదని నాటుకుంటిమి" అన్నాడు. నీలగిరి నీళ్ళు అడగకపోవడం కాదు, అడగకుండా తాగడమే దాని పని అని మనవాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. కొత్తగా నాటవద్దని 2017లో కర్ణాటక ప్రభుత్వం నిషేధం కూడా పెట్టింది. అప్పటికే నిలబడ్డ చెట్లు నిలబడే ఉన్నాయి.

చూశారా, అచ్చంగా మా అమ్మ చెప్పే ఏడు చేపల కథే. చేప ఎండలేదని అడిగితే ఒకరిమీద ఒకరు చెప్పుకుంటూ పోయినట్టు, మా మునిమనవడికి కథ అందకపోవడానికి కోలారు జిల్లాలో వానలు లేకపోవడం కారణమని తేలింది! ఆ ఆరు నెలల సొమ్ము తిరిగి రాలేదు. కాగితంలో అయిదో షరతు కింద రాసే ఉంది.

సంక్రాంతి వచ్చింది. అమ్మ పలకరింపులు ఆ రెండు మాటల దగ్గరే ఉన్నాయి. పిల్లవాడి మాటల్లో ఇంగ్లీషు పెరుగుతోందని మా అమ్మాయి బాధ. అక్కడ ఆదివారాలు తెలుగు బడి ఉంది, పుస్తకాలున్నాయి, మంచి తెలుగే నేర్పుతారు. కానీ అందులో మా అమ్మ తెలుగు లేదు. "ఆడ", "ఈడ", "తూరి", "పండుకో" అన్నవి పుస్తకాల్లో ఉండవు, హైదరాబాదు నుంచి వచ్చే టీవీలోనూ ఉండవు. మాస్తి అంటే లోకానికి తెలిసింది మాస్తి వెంకటేశ అయ్యంగారి ఊరుగా. 1983 జ్ఞానపీఠం ఆయనదే. ఇంట్లో తమిళం, రాసినది కన్నడం, 'మాస్తి కన్నడద ఆస్తి' అని ఈ నాడంతా గౌరవంగా చెప్పుకుంటుంది. ఊళ్ళో ఆయన ఇల్లు ఇప్పుడు గ్రంథాలయం. అదే ఊళ్ళో మాలాంటివాళ్ళం ఎన్నో తరాలుగా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడం చదువుతూ వచ్చాం. మా తెలుగు ఏ ఖాతాలోనూ ఆస్తిగా నమోదు కాలేదు. అది ఒక నోటినుంచి ఇంకొక చెవికి పోవాలి. పోకపోతే అక్కడితో సరి.

2025 వేసవిలో ఊళ్ళోని కుర్రాడొకడు, డిప్లొమా చదివినవాడు, ఫైబరు ఏజెన్సీ తీసుకున్నాడు. వీధిలో పది ఇళ్ళు ఒప్పుకుంటే గాజుతీగ లాగిస్తానన్నాడు. ఈసారి నేను బ్యాంకువాడిలా కూర్చున్నాను. పోయే వేగం ఎంత? వచ్చేదానితో సమానమేనన్నాడు, 30కి 30. నెలకు ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తారా, తగ్గిస్తే ఎంతకు? బోర్డు మీద 399, బిల్లులో ఎంత? పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి 471. పెట్టె మాదా మీదా, మానుకుంటే ఏం తిరిగిస్తారు? తీగ తెగితే ఎవరికి ఫోను చేయాలి? ఒక్కొక్క నెలా కడతాను, ముందుసొమ్ము కట్టను అన్నాను. "మీరు లోనుకి కూడా ఇన్ని అడగరు సార్" అని నవ్వాడు. చదువరులకు నా సలహా కూడా ఇదే. ఈ ప్రశ్నలు అడగండి. వేగం ఎంత అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి.

పది ఇళ్ళు కూడగట్టడానికి నెల పట్టింది. ఇల్లిల్లూ తిరిగాను. ఒకరు పిల్లల చదువుకని ఒప్పుకున్నారు, ఒకరు క్రికెట్ కోసం. నీలగిరి తోపు మామ, "మా చెట్లు అడ్డమొచ్చినందుకు జుల్మానా అనుకో" అని తనూ పేరు రాయించాడు.

ఆ తిరుగుడులో ఒక పాత సంగతి మనసులో మెదిలేది. కోలారు బంగారు గనులకు 1902లో కరెంటు వచ్చింది. శివనసముద్రం దగ్గర కావేరి మీద పుట్టిన కరెంటును 92 మైళ్ళు తీగల మీద తెచ్చారు. అప్పటికి ప్రపంచంలోనే పెద్ద దూరాల్లో అదొకటి. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. ఆ తీగ ఎన్నో పల్లెల పొలాల మీదుగా పోయింది, కింద ఉన్న ఇళ్ళల్లో మాత్రం చమురు దీపాలే. గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. పెద్ద తీగ ఊరి మీదుగా పోవడం వేరు, ఇంటి గడప దాటడం వేరు. దేశంలోని రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు గాజుతీగ వేయాలని ప్రభుత్వం 2011లో తలపెట్టింది, దాన్నే భారత్‌నెట్ అంటున్నాం. ఆంధ్రలో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టారు, 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. తెలంగాణలో టీ-ఫైబర్ 2024 డిసెంబరులో ఇళ్ళకు ఇవ్వడం మొదలైంది. ఎక్కడైనా చివరి వంద గజాలే కష్టం. అక్కడ ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

మా వీధిలో ఆ కుర్రాడే ఎక్కాడు. నల్లటి తీగ చివర ఒలిచి లోపలిది చూపించాడు. వెంట్రుక కంటే కాస్త లావు. అందులో వెలుతురు నడిచే దారి మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. అమ్మ దగ్గరికి వచ్చి చూసింది. చిన్నప్పుడు పట్టుపురుగులు పెంచిన చెయ్యి ఆమెది. "ఇది పట్టుదారం కంటే సన్నంగా లేదు గాని, వంచితే విరుగుతాదేమో" అంది. విరుగుతుంది, మలుపు గట్టిగా తిప్పినా వెలుతురు కారిపోతుంది. అది కుర్రాడు చెప్పకముందే ఆమెకు తెలిసింది. అతను రెండు కొనలను ఒక చిన్న యంత్రంలో పెట్టాడు, కరెంటు మెరుపుతో అవి అతుక్కున్నాయి. తర్వాత మీటరు పెట్టి "మైనస్ 21, సూపర్ సార్" అన్నాడు. మైనస్ చూస్తే నా గుండె ఆగుతుంది, వృత్తి అలాంటిది. ఇది వెలుతురు లెక్క అనీ, మైనస్ 27 దాటి కిందికి పోతేనే భయమనీ చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను. ఒక పెద్ద తీగలో వచ్చే వెలుతురును 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారట. అందరికీ కలిపి వచ్చేది సెకనుకు 2500 మెగాబిట్లు, పోయేది 1250. రాగితీగలో పోయేదానికి దక్కినది ఇరవయ్యో వంతు, ఇక్కడ సగం.

పెట్టెను అమ్మ కూర్చునే నడవలోనే పెట్టించాను. మట్టిగోడలు వైఫైని కూడా మింగుతాయి, అలంకారం కోసం ముందుగదిలో పెట్టుకుంటే లాభం లేదు. కరెంటు పోయినప్పటికని ఒక చిన్న బ్యాటరీ కొన్నాను. కొలిచాను. వచ్చేది 31, పోయేది 30.

ఆదివారం పొద్దున అమ్మ ఫోను ముందుకు రానంది. "ఎందుకులేరా, వాణ్ణి నిద్రబోనీ" అంది. అప్పటిదాకా నేను చేయని పని ఒకటి చేశాను. మా అమ్మాయి పంపిన ఆ పాత వీడియో అమ్మకు చూపించాను. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదంటే, నొచ్చుకుంటుందని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చెయ్యెత్తి నోరు తెరిచి నిలిచిపోయిన తన బొమ్మను చూసింది. "అవ్వ స్టక్" అన్న మాట విన్నది. మళ్ళీ పెట్టమంది. రెండోసారి చూసింది.

"వాడు చూసింది ఇదా?"

"ఇదేనమ్మా."

చాలాసేపు ఊరుకుంది. "ముసలిది నోరు తెరుచుకుని అట్లే నిలబడిపోతే బిడ్డ బెదరడా? ఎవరైనా లేచి పోతారు" అంది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ముందే చెప్పకూడదా నాయినా" అని నన్ను ఒక్క మాట అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఏడాది దాకా నేను వేగాలు కొలిచాను, షరతులు చదివాను, ఇల్లిల్లూ తిరిగాను. ఆమెకు చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

ఫోను కలిసింది. వాడు అయిదేళ్ళ పెద్దవాడయ్యాడు, పక్కమీద దిండు ఎత్తుగా పెట్టుకుని ఉన్నాడు. అమ్మ గొంతు సవరించుకుంది. అనగనగా ఒక రాజు అంది. రాజుకు ఏడుగురు కొడుకులు అంది. నేను వాడి మొహం చూస్తున్నాను. వాడు పక్కకు చూడలేదు. చేప ఎండలేదు అనగానే "ఎందుకు?" అన్నాడు. గడ్డిమోపు అడ్డమొచ్చింది అంది. "ఎందుకు?" అన్నాడు. ఆవు మెయ్యలేదు అంది. "ఎందుకు?"

ఆ రోజు కథ చీమ దాకా పోయింది.